గడ్డకట్టే చలిలో ఆరుబయట సైన్స్ ప్రయోగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఫ్రీజర్ సాధారణంగా మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట మైనస్ 30 అయిన రోజున అంతకన్నా చల్లని ప్రయోగశాల గుమ్మం అవతలే ఉంటుంది. అలాంటి రోజుల్లో చాలామంది మరిగే నీళ్ళు గాల్లోకి విసిరి, ఒక వీడియో తీసుకుని లోపలికి వచ్చేస్తారు. దానికన్నా చూడాల్సినవి చాలా ఉన్నాయి. ఒక థర్మామీటర్, ఒక నోటుపుస్తకం, కాస్త ఓపిక ఉంటే చాలు. కింద ఉన్న డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

ఎంత చలి ఉంటే మొదలుపెట్టొచ్చు?

అది ప్రయోగాన్ని బట్టి ఉంటుంది. "బాగా చలిగా ఉంది" అంటే సరిపోదు, అంకె చూడాలి. సున్నా దిగువన ప్రతి కొన్ని డిగ్రీలకూ ఒక కొత్త తలుపు తెరుచుకుంటుంది. మైనస్ 8 నుంచి 10 దగ్గర నీళ్ళ సీసా ప్రయోగం బాగుంటుంది. మైనస్ 10 దాటితే కాలికింద మంచు కిర్రుమంటుంది. మైనస్ 15 దగ్గర ఆరు కొమ్మల అందమైన మంచు రేకులు రాలతాయి. అదే చలిలో సబ్బు బుడగలు గడ్డకట్టడం మొదలుపెడతాయి, మైనస్ 20 దాటితే ఇంకా త్వరగా కడతాయి. మైనస్ 21 దగ్గర ఉప్పు ఓడిపోతుంది. మైనస్ 30 వస్తే గాని మరిగే నీళ్ళు పూర్తిగా మబ్బులా విచ్చుకోవు. కాబట్టి ముందు థర్మామీటర్ చూసి, ఆ రోజుకు ఏ ప్రయోగం సరిపోతుందో ఎంచుకోండి.

వాతావరణ సూచనలో "మైనస్ 35లా అనిపిస్తుంది" అన్నారు. అదే లెక్కా?

కాదు. అది గాలి వల్ల మన ఒంటికి తెలిసే చలి. మన శరీరం వేడిగా ఉంటుంది, గాలి ఆ వేడిని ఊడ్చుకుపోతుంది. నీళ్ళ గ్లాసు మాత్రం ఎంత గాలి వీచినా అసలు ఉష్ణోగ్రత కన్నా కిందికి పోదు, అక్కడికి త్వరగా చేరుకుంటుంది, అంతే. అందుకే ప్రయోగాలకు థర్మామీటర్ అంకె, మన ఒంటి రక్షణకు "అనిపించే" అంకె చూడాలి.

ఇది కూడా మంచి ప్రయోగమే. ఒకే రకం ప్లాస్టిక్ సీసాలు రెండు తీసుకుని సగం దాకా నీళ్ళు పోయండి. ఒకటి గాలి తగిలేచోట, ఇంకొకటి గోడ చాటున పెట్టి, ఏది ఎంతసేపటికి గడ్డకడుతుందో రాసుకోండి. 1940ల మొదట్లో అంటార్కిటికాలో పాల్ సైపిల్, చార్ల్స్ పాసెల్ ఇలాగే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోసి, గాలికి వేలాడదీసి, గడ్డకట్టే సమయాన్ని కొలిచారు. ఈ రోజు మనం వినే గాలిచలి లెక్కలకు మూలం ఆ డబ్బానే.

మరిగే నీళ్ళు గాల్లోకి విసిరితే నిజంగా మంచు అయిపోతాయా?

కొంత భాగం అవుతుంది. అందరూ అనుకునేట్టు నీళ్ళన్నీ ఒక్కసారిగా గడ్డకట్టవు. వేడి నీటికి చిక్కదనం తక్కువ, తలతన్యత (నీటి పైపొరను బిగించి పట్టే గుణం) తక్కువ. అందుకే విసిరినప్పుడు చల్లని నీళ్ళకన్నా సన్నని తుంపరగా విడిపోతుంది. పైగా మరుగుతున్న నీళ్ళు దండిగా ఆవిరవుతాయి. ఇంతలో చుట్టూ ఉన్న గాలికి ఆ ఆవిరిని పట్టుకునే శక్తి ఉండదు. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలిలో సుమారు 17 గ్రాముల ఆవిరి ఇముడుతుంది. మైనస్ 30లో అర గ్రాము కూడా ఇమడదు. మిగిలిన ఆవిరంతా చిన్న చిన్న బిందువులై, వెంటనే గడ్డకట్టి తెల్లటి మబ్బులా కనిపిస్తుంది. పెద్ద చుక్కలు మాత్రం నీళ్ళలాగే, వేడిగానే, కింద పడతాయి.

నమ్మకం కలగకపోతే కింద మంచు మీద ఒక పెద్ద అట్ట పరిచి చూడండి. గది ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్ళు, 60 డిగ్రీల నీళ్ళు, మరిగిన నీళ్ళు ఒకే కొలతతో వేర్వేరు అట్టల మీదుగా విసిరి, ఎన్ని చుక్కలు పడ్డాయో పోల్చండి. మబ్బు అందంగా ఉంటుంది, నిజమే. కానీ కథ అంతా అట్ట మీదే తెలుస్తుంది.

మరిగే నీళ్ళు విసరడం ప్రమాదమా?

అవును, ఈ పేజీలో ఉన్నవాటిలో అన్నిటికన్నా ఎక్కువ గాయాలు చేసేది ఇదే. 2019 జనవరిలో అమెరికాలో తీవ్రమైన చలి వచ్చినప్పుడు ఈ ప్రయోగం చేస్తూ కాలిన గాయాలతో చాలామంది ఆసుపత్రులకు వెళ్ళారు. తల మీదుగా పైకి విసరడం, గాలికి ఎదురుగా విసరడం, పక్కన మనుషులు ఉండగా విసరడం, ఈ మూడే సాధారణంగా జరిగే తప్పులు.

పెద్దవాళ్ళే చేయాలి. అర కప్పుకు మించి నీళ్ళు వద్దు. పొడుగు పిడి ఉన్న గిన్నె వాడండి. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, మీ నుంచి దూరంగా, ముందుకు విసరండి. చూసేవాళ్ళు మీ వెనక, నాలుగైదు అడుగులు కాదు, బాగా దూరంగా నిలబడాలి. గాలి దిక్కు మారుతూ ఉంటే ఆ రోజుకు మానేయండి. పిల్లలకు చేయాలని ఉంటే గది ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్ళను స్ప్రే సీసాతో చిమ్మమనండి. తుంపర మరీ సన్నగా ఉంటే అందులో కొంత గాల్లోనే గడ్డకడుతుంది.

చన్నీళ్ళకన్నా వేడినీళ్ళు ముందు గడ్డకడతాయంటారు. నిజమేనా?

దీనికి ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. 1963లో టాంజానియాలో ఎరాస్టో ఎంపెంబా అనే బడిపిల్లవాడు ఐస్‌క్రీమ్ చేస్తూ, వేడి మిశ్రమం ముందుగా గడ్డకట్టిందని గమనించాడు. తర్వాత భౌతికశాస్త్ర ఆచార్యుడు డెనిస్ ఆస్బర్న్‌తో కలిసి 1969లో ఆ సంగతి ప్రచురించాడు. అప్పటినుంచి కొందరికి ఆ ఫలితం వచ్చింది, కొందరికి రాలేదు. 2016లో బరిడ్జ్, లిండెన్ అనే ఇద్దరు జాగ్రత్తగా కొలిచి, తమకు గట్టి ఆధారం కనబడలేదని రాశారు. థర్మామీటర్‌ను గిన్నెలో ఒక సెంటీమీటరు పైకో కిందికో పెట్టినా ఫలితం మారిపోతుందని చూపించారు.

నాకు ఈ పేజీలో అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇదే. ఎందుకంటే జవాబు ఎవరూ ముందే చెప్పలేరు. ఒకే రకం గిన్నెలు, ఒకే కొలత నీళ్ళు, ఒకే చోటు. ఒకదానిలో 20 డిగ్రీలు, ఇంకొకదానిలో 70 డిగ్రీల నీళ్ళు. గిన్నెల కింద చెక్క పెట్టండి. నేరుగా మంచు మీద పెడితే వేడి గిన్నె కింద మంచు కరిగి, ఆ తర్వాత గిన్నె కిందికి అంటుకుపోయి లెక్క తప్పుతుంది. "గడ్డకట్టడం" అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోవాలి: పైన మొదటి పొర కనిపించడమా, మొత్తం గట్టిపడటమా? ఒక్కసారి చేసి తీర్పు చెప్పకండి. కనీసం ఐదారుసార్లు, గిన్నెల చోట్లు మార్చి చేయండి.

సబ్బు బుడగలు గడ్డకట్టించాలంటే ఎలా?

గాలి అసలు కదలకూడదు. ఉదయం తొలి వెలుగు వేళ సాధారణంగా నిలకడగా ఉంటుంది. ఒక కప్పు గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్, రెండు చెంచాల పంచదార కలిపి, చల్లారాక కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. పంచదార వల్ల బుడగ పొర కాస్త దళసరిగా, గట్టిగా ఉంటుంది. స్ట్రాతో మెల్లగా ఊది, బుడగను మంచు మీద దించండి. గట్టిగా ఊదితే మీ వేడి ఊపిరి లోపల నిండి, గడ్డకట్టేలోపే పగిలిపోతుంది. మొదటి పదీ పన్నెండూ పగలడం మామూలే.

నిలిచిన బుడగను వంగి దగ్గరగా చూడండి. గడ్డకట్టడం మంచుకు తగిలిన అడుగునే మొదలవుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు వేడి విడుదల చేస్తుంది కదా, ఆ వేడికి అడుగు పొర కాస్త వెచ్చబడుతుంది. వెచ్చని చోట తలతన్యత తక్కువ, పైన ఎక్కువ. అందుకని పొరలోని ద్రవం పైకి లాగబడుతూ, అడుగున పుట్టిన చిన్న స్ఫటికాలను తెంచి మోసుకుపోతుంది. అవి బుడగంతా ఈదుతూ, ఎక్కడికక్కడ పువ్వుల్లా విచ్చుకుని, చివరికి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ విషయాన్ని వర్జీనియా టెక్ పరిశోధకులు 2019లో వివరంగా రాశారు. అయ్యేది కొన్ని సెకన్లలోనే. ఎదురుగా వెలుగు, వెనక ముదురు రంగు గుడ్డ ఉంటే బాగా కనిపిస్తుంది. పూర్తిగా గడ్డకట్టాక వేలితో పొడిస్తే బుడగ టప్పుమని పేలదు, గుడ్డు పెంకులా చిల్లు పడుతుంది.

చిన్నపిల్లలు పది నిమిషాలకన్నా బయట ఉండలేరు. వాళ్ళకు ఏది?

బెలూన్. ఇంట్లో ఊది, ముడివేసి, మధ్యలో దారం చుట్టి చుట్టుకొలత రాసుకోండి. పావుగంట బయట వదిలి, మళ్ళీ కొలవండి. 20 డిగ్రీల నుంచి మైనస్ 30కి వెళితే లోపలి గాలి పరిమాణం సుమారు 17 శాతం తగ్గుతుంది. కానీ చుట్టుకొలతలో ఆ తేడా 6 శాతమే, అంటే 90 సెంటీమీటర్ల బెలూన్ దాదాపు 85కు వస్తుంది. లోపలికి తెచ్చి బల్లమీద పెడితే కళ్ళముందే మళ్ళీ ఉబ్బుతుంది. పిల్లలు దాన్ని కదలకుండా చూస్తారు.

మంచు రేకులు చూడటానికి మైక్రోస్కోప్ కావాలా?

అక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. నల్లటి గుడ్డ చుట్టిన అట్టను కనీసం అరగంట బయట పెట్టి చల్లార్చండి. లోపలినుంచి తెచ్చిన వెచ్చని గుడ్డ మీద రేకు పడగానే కరుగుతుంది. చూసేటప్పుడు ఊపిరి పక్కకు వదలండి.

విల్సన్ బెంట్లీ అనే అమెరికా రైతు 1885 జనవరి 15న మొట్టమొదటిసారి ఒక మంచు స్ఫటికాన్ని ఫోటో తీశాడు. జీవితకాలంలో 5000 పైగా తీశాడు. జపాన్‌లో ఉకిచిరో నకాయా 1936లో కుందేలు వెంట్రుక మీద మంచు స్ఫటికాన్ని ప్రయోగశాలలో పెంచి, ఏ ఉష్ణోగ్రతకు ఏ ఆకారం వస్తుందో తేల్చాడు. మైనస్ 2 దగ్గర పలుచని పలకలు, మైనస్ 5 దగ్గర సూదులు, మైనస్ 15 దగ్గర కొమ్మలు వేసిన నక్షత్రాలు. గాలిలో తేమ ఎంత ఎక్కువుంటే అంత అల్లిక. అంటే చేతిలో పడిన రేకు పైన మబ్బులో ఎంత చలి ఉందో చెబుతోందన్నమాట. రోజూ ఏ ఆకారాలు పడ్డాయో బొమ్మ గీసుకోండి. శీతాకాలం ముగిసేసరికి మీ దగ్గర సొంత పట్టిక ఉంటుంది.

ఉప్పు చల్లితే ఐస్ కరుగుతుంది కదా?

ఒక హద్దు దాకానే. వంట ఉప్పు, నీరు కలిసిన ద్రావణం ఎంత చిక్కగా ఉన్నా మైనస్ 21 దాటితే గడ్డకడుతుంది. ఇంకా చలిలో ఉప్పు ఐస్ మీద ఇసుకలా పడి ఉంటుంది. మైనస్ 5, మైనస్ 15, మైనస్ 25 రోజుల్లో, ఒకే సైజు ఐస్ ముక్కల మీద ఒక్కో చెంచా ఉప్పు వేసి, అరగంట తర్వాత ఎంత నీరు వచ్చిందో కొలవండి. పక్కనే పంచదార, మామూలు ఇసుక కూడా పెట్టి చూడండి.

సీసాను కొట్టగానే నీళ్ళు గడ్డకట్టే వీడియోలు అసలైనవేనా?

అసలైనవే. స్ఫటికం మొదలవడానికి నీటికి ఒక ఆధారం కావాలి, దుమ్ము రేణువో, ఇంకో ఐస్ ముక్కో. అవేవీ లేని శుభ్రమైన నీరు సున్నా దాటినా ద్రవంగానే ఉండిపోగలదు. సీల్ తీయని శుద్ధమైన నీళ్ళ ప్లాస్టిక్ సీసాలు నాలుగైదు తీసుకోండి. చిక్కేమిటంటే, మైనస్ 30లో నేరుగా పెడితే గోడల దగ్గర అతివేగంగా చల్లబడి మామూలుగానే గడ్డకట్టేస్తుంది. మైనస్ 8 లేక 10 ఉన్న రోజున, థర్మాకోల్ పెట్టెలో పెట్టి, కదపకుండా రెండు మూడు గంటలు ఉంచండి. ఒక సీసాలో థర్మామీటర్ గుచ్చి, అది మైనస్ 5 నుంచి 7 దాకా దిగాక మిగతావాటిని మెల్లగా తీసి, ఒకదాన్ని బల్లకు తట్టండి. పైనుంచి కిందికి తెల్లటి తెర దిగుతుంది.

చాలామంది గమనించనిది ఒకటుంది: సీసా మొత్తం గట్టిగా అవ్వదు, జావలా ఉంటుంది. గడ్డకడుతున్న నీరు వదిలే వేడికి మిగతా నీరంతా సున్నాకు వెచ్చబడి, పని అక్కడితో ఆగిపోతుంది. మైనస్ 7 నీటిలో ఐస్ అయ్యేది పదో వంతుకన్నా తక్కువే.

గాజు సీసా నిండా నీళ్ళు పోసి పగలగొట్టొచ్చా?

వద్దు. గాజు పెంకులు మంచులో కనబడవు. పగిలిందని చూడటం కన్నా ఎంత ఉబ్బిందో కొలవడం మేలు. నిటారు గోడలున్న ప్లాస్టిక్ డబ్బాలో 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు పోసి, గీత గీసి, మూత లేకుండా బయట పెట్టండి. దాదాపు 11 దగ్గరికి వస్తుంది. నీరు ఐస్ అయితే సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ పెరుగుదలను అడ్డుకుంటే ఏమవుతుందో 1780ల మధ్యలో క్వెబెక్‌లో ఎడ్వర్డ్ విలియమ్స్ అనే సైనికాధికారి చూపించాడు. ఇనుప ఫిరంగి గుండ్లలో నీళ్ళు నింపి, బిరడాలు బిగించి చలిలో వదిలితే, కొన్నిటి బిరడాలు దూరంగా ఎగిరిపడ్డాయి, కొన్ని గుండ్లే చీలిపోయాయి.

తడి బట్టలు గడ్డకడితే ఆరతాయా?

ఆరతాయి! తడి ప్యాంటును పిండి, కాళ్ళు విడదీసి ఆరేస్తే కాసేపట్లో అట్టలా బిగుసుకుని తనంతట తానే నిలబడుతుంది. దాన్ని తూకం వేసి, మళ్ళీ గాలి తగిలేచోట వేలాడదీయండి. ఒకట్రెండు రోజులు తూకం రాసుకుంటూ పోతే, ఒక్క చుక్క నీరు కారకుండానే బరువు తగ్గుతుంది. ఐస్ ద్రవం కాకుండా నేరుగా ఆవిరి కావడమే దీనికి కారణం, దాన్నే ఉత్పతనం అంటారు.

రబ్బరు బంతి, టార్చిలైటు కూడా చలికి మారతాయా?

మారతాయి. బంతిని ఒక మీటరు ఎత్తు నుంచి వదిలి ఎంత ఎగిరిందో ఇంట్లో ఒకసారి, గంటసేపు బయట ఉంచాక ఒకసారి కొలవండి. చలికి రబ్బరు అణువుల గొలుసులు చురుగ్గా కదలలేవు, అందుకే సాగదు, తిరిగి ఆకారానికి రాదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక కూలడానికి కారణం ఇలా చలికి బిగుసుకున్న రబ్బరు వలయమే. విచారణలో భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక రబ్బరు ముక్కను బిగించి, ఐస్ నీళ్ళ గ్లాసులో ముంచి, తీసి, అది వెంటనే సాగి యథాస్థితికి రాలేదని అందరి ముందూ చూపించాడు. అంత పెద్ద ప్రమాదానికి కారణం ఒక గ్లాసు నీళ్ళలో కనబడింది.

టార్చి బయట గంటసేపు ఉంటే వెలుగు తగ్గుతుంది, లోపలికి తెస్తే మళ్ళీ వస్తుంది. శక్తి పోలేదు, బ్యాటరీలో రసాయన చర్య నెమ్మదించింది. లిథియం బ్యాటరీలను మాత్రం గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెట్టకండి, పాడవుతాయి.

ఐస్‌తో నిప్పు పుట్టించొచ్చంటారు, సాధ్యమేనా?

ఐస్ స్వచ్ఛంగా, గాజులా ఉంటే సాధ్యమే. 19వ శతాబ్దం మొదట్లో ఆర్కిటిక్ నావికుడు విలియం స్కోర్స్‌బీ ఎండను ఒకచోటికి చేర్చే ఐస్ కటకాలతో (లెన్సులతో) నావికుల పొగాకు పైపులు వెలిగించేవాడు. కష్టమంతా బుడగలు లేని ఐస్ చేయడంలోనే ఉంది. అన్ని వైపులా గడ్డకడితే గాలి మధ్యలో చిక్కి తెల్లబడుతుంది. థర్మాకోల్ పెట్టెలో మూత లేకుండా నీళ్ళు పోస్తే పైనుంచి కిందికే గడ్డకడుతుంది, పై పొర అద్దంలా వస్తుంది. అడుగు ఇంకా నీరుగా ఉండగానే తీసి, పై పలకను వెచ్చని గుండ్రటి గిన్నెలో తిప్పుతూ కటకంలా నున్నగా చేయండి. ఎండ బాగా ఉండాలి. పెద్దవాళ్ళు పక్కనుండాలి, కటకంలోంచి సూర్యుణ్ణి చూడకూడదు.

సామాన్లేవీ లేకుండా చూడగలిగేవి?

ఆకాశం చూడండి. గాలిలో సన్నని ఐస్ పలుకులు తేలుతుంటే సూర్యుడికో చంద్రుడికో చుట్టూ వెలుగు వలయంలా గుడి కడుతుంది. చెయ్యి పూర్తిగా చాపి, వేళ్ళు విప్పితే బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా దాదాపు ఆ గుడి వ్యాసార్ధం, 22 డిగ్రీలు. ఆరు పలకల ఐస్ స్ఫటికంలో వెలుగు వంగే కోణం అది. సూర్యుణ్ణి ఒక స్తంభం చాటు చేసుకుని చూడాలి. రెండు పక్కలా మెరిసే మచ్చలు కనబడితే ఆ స్ఫటికాలు చాలావరకు పడుకున్న పలకల్లా తేలుతున్నాయని అర్థం.

చెవులతో కూడా చేయొచ్చు. నిలకడగా ఉన్న చలి ఉదయాన దూరపు రైలు కూత దగ్గరగా వినిపిస్తుంది. నేల దగ్గర చల్లటి గాలి, దాని పైన కాస్త వెచ్చని గాలి ఉంటే శబ్దం పైకి పోకుండా కిందికి వంగుతుంది. మంచు మీద నడక చప్పుడును మైనస్ 3లో, మైనస్ 12లో, మైనస్ 25లో ఫోన్‌లో రికార్డు చేసి పోల్చి వినండి.

మైనస్ 40 అయితే ఏ ప్రత్యేకత?

సెల్సియస్, ఫారన్‌హీట్ రెండూ ఒకే అంకె చూపే చోటు అదొక్కటే. పాదరసం మైనస్ 38.8 దగ్గర గడ్డకడుతుంది, కాబట్టి ఆ థర్మామీటర్ అక్కడ పనికిరాదు. రంగు ఆల్కహాల్ ఉన్నది వాడండి. పాదరసంతో ప్రయోగాలు మాత్రం ఎవరూ చేయకండి, దాని ఆవిరి విషం.

ఎంతసేపు బయట ఉండొచ్చు?

"అనిపించే" చలి మైనస్ 28 దాటితే బయట ఉన్న చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. మైనస్ 40 దాటితే 5 నుంచి 10 నిమిషాలే. చెవులు, ముక్కు, వేళ్ళు తిమ్మిరెక్కి పాలిపోతే వెంటనే లోపలికి రండి. ఆ చోటును రుద్దకండి, గోరువెచ్చని నీళ్ళతో నెమ్మదిగా వేడి చేయండి. తిమ్మిరి తగ్గకపోయినా, పొక్కులొచ్చినా డాక్టరుకు చూపించండి. వట్టి చేత్తో లోహాన్ని పట్టుకోకండి, నాలుక తగిలించే సరదా పిల్లలకు అసలు వద్దు. తడిసిన గ్లవ్స్ వెంటనే మార్చాలి. ప్రయోగం కోసం చెరువు ఐస్ మీదికి వెళ్ళకండి. ఇక్కడున్నవన్నీ గట్టి నేల మీదే చేయొచ్చు.

ఫోన్ తీసుకెళితే ఆగిపోతోంది. ఏం చేయాలి?

లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకుని, తీసే క్షణంలోనే బయటికి తీయండి. ఇంట్లోకి వచ్చేముందు బయటే దాన్ని జిప్ సంచిలో మూసేయండి. వెచ్చని గది గాలిలోని తేమ చల్లని ఫోన్‌ మీద కాకుండా సంచి మీద చేరుతుంది. గంట తర్వాత తీయండి. ఆలోగా నోటుపుస్తకంలో అంకెలు సరిచూసుకోవచ్చు. బయట పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ ఇంకు చలికి బిగుసుకుంటుంది.